వాసన పట్టే ఆకు

గుడివాడలో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆఫీసుకి టీ పొడి, పంచదార కొనుక్కురావడం నా పని. జూనియర్ అసిస్టెంట్లం ఇద్దరం ఉండేవాళ్ళం. రెండో అతను మగవాడు కాబట్టి ఆ పని ఎవరూ చెప్పకుండానే నా మీద పడింది. తొంభైల చివరి సంవత్సరాలవి. ఆ కోపం వేరే ఉంది గానీ దాని సంగతి ఇక్కడ ఎత్తను. ఆ పని మీద వెళ్ళబట్టే నాకు టీ అంటే ఏంటో తెలిసింది.

మార్కెట్ వైపు వీధిలో కాఫీ గింజలు వేయించి, మర పట్టి, టీ పొడితో పాటు అమ్మే పాత కొట్టు ఒకటి ఉండేది. కొట్టాయనకి అప్పటికే అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, పంచె, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. నేను మొదటిసారి వెళ్ళిన రోజు ఆయన గల్లాపెట్టె వెనక కూర్చుని పింగాణీ కప్పులో ఏదో తాగుతున్నాడు. అందులో పాలు లేవు. చింతపండుతో తోమిన రాగి చెంబు రంగులో ఉంది. వాసన మాత్రం నాకు తెలిసిన టీది కాదు. ఎవరో పక్కనే నిలబడి దబ్బకాయ తొక్క గిల్లుతున్నట్టుంది.

"టీలో దబ్బకాయ వేశారా అండీ?" అని అడిగాను.

ఆయన కప్పు కింద పెట్టి నన్ను చూశాడు. "అందరూ నిమ్మకాయా అని అడుగుతారు. నువ్వు దబ్బకాయని ఎట్లా చెప్పావు?"

"నిమ్మకాయైతే వాసనలోనే పులుపు తెలిసిపోద్దండీ. ఇది తొక్క వాసన. కాస్త చేదు కూడా ఉంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. దబ్బకాయ కాదట, మన నారింజకి దాయాది లాంటి విదేశీ పండు తొక్క నుంచి తీసిన నూనెట. టీ తోటలున్న కొండల మీద ఫ్యాక్టరీలో ఆకుకి పట్టిస్తారట. "నీ ముక్కు బంగారం అమ్మాయ్" అన్నాడు. ఆ పూట ఆఫీసు టీ పొడితో పాటు ఆ ఆకు రెండు చెంచాలు కాగితంలో పొట్లం కట్టి ఊరికే ఇచ్చాడు.

పాలు లేని టీ నాకు కొత్త కాదు. మాది దివిసీమలో సముద్రం పక్క ఊరు. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ ఎండు చేపలు గంపలో పెట్టుకుని బస్సెక్కి ఊళ్ళు తిరిగి అమ్మేది. మా వాళ్ళు పడవ మీద తాగేది నల్ల టీయే. డస్టు పొడి, బెల్లం, దంచిన అల్లం వేసి నల్లగా అయ్యేదాకా కాచేవాళ్ళు. పడవ మీదికి పాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంట్లో కూడా చుట్టాలు వచ్చినప్పుడే పాలు కొనేవాళ్ళం. అందుకని నా లెక్కలో నల్ల టీ అంటే లేమి. పాలు దొరకక తాగేదాన్నే ఇక్కడొకాయన పాలు ఉండి కూడా మానేసి, కళ్ళు మూసుకుని తాగుతున్నాడు! ఆ రాత్రి నా గదిలో ఆ రెండు చెంచాలు కాచుకుని తాగాను. డస్టు పొడిని కాచినట్టే తెగ కాచేశాను. నోరంతా వగరు.

మర్నాడు వెళ్ళి చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. "ఆకుని ఉడకేశావా? అది పప్పుచారా అమ్మాయ్?"

అప్పుడు మొదలైంది నా చదువు. సాయంత్రం ఆఫీసు వదలగానే వారానికి రెండు మూడు సార్లు ఆ కొట్టుకి వెళ్ళేదాన్ని. ఆయన వెనక ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక కెటిల్, నాలుగు తెల్ల కప్పులు ఉండేవి. "నీళ్ళు తెర్లనివ్వు. దించు. కాసేపు ఆగి ఆకు మీద పొయ్యి. మూత పెట్టు. ఇక నన్ను చూడకు, గడియారం చూడు" అనేవాడు. తాగేటప్పుడు జుర్రుమని శబ్దం రావాలట. మర్యాదగా తాగితే వాసన ముక్కులోకి ఎక్కదట. మొదట సిగ్గేసింది. తర్వాత ఇద్దరం పోటీ పడి జుర్రేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు తొంగి చూసి నవ్వేవాళ్ళు.

బీరువాలో వరసగా తగరపు డబ్బాలు. గులాబీ టీ నాకు నచ్చలేదు, పెళ్ళి పందిట్లో పన్నీరు మీద పడ్డట్టుండేది. యాలకుల టీ వాసన చూడగానే పరమాన్నం గుర్తొచ్చేది. తీరా తాగితే తీపి ఉండదు, నాలుక అలిగేది. లవంగం, దాల్చినచెక్క వేసింది వానాకాలానికి బాగుండేది. మల్లెపూల టీ మాత్రం తాగుతుంటే మాట్లాడబుద్ధయ్యేది కాదు. మొదటి గుక్కలో పూలు, రెండో గుక్కలో ఆకు, మింగాక చాలాసేపటికి గొంతులో సన్నటి తీపి. పంచదార వెయ్యకుండా తీపి ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. దబ్బకాయ వాసనది నాది. ఆయన కూడా "నీ డబ్బా" అనేవాడు.

"టీ ఆకు మహా వాసన పట్టే జాతి అమ్మాయ్" అని ఆయన తరచూ చెప్పేవాడు. "పక్కన మల్లెపూలు పెట్టు, మల్లె అయిపోద్ది. ఉల్లిపాయ పెట్టు, ఉల్లిపాయ అయిపోద్ది. దానికంటూ పట్టింపు లేదు. ఎవరు దగ్గరికొస్తే వాళ్ళది."

తనని బాబాయ్ అని పిలవమన్నది ఆయనే. "అండీ, సారూ ఏంటి? మా అన్నయ్య కూతురు ఉంది నీ ఈడుది" అన్నాడు. మొదట్లోనే ఒకసారి ఏ ఊరని అడిగాడు. అవనిగడ్డ దాటాక సముద్రానికి దగ్గరని చెప్పాను. "అయితే వ్యవసాయమేనన్నమాట" అన్నాడు. నేను నవ్వాను. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ నవ్వుని ఆయన అవునని తీసుకున్నాడని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అట్లా రెండేళ్ళు గడిచాయి. కొండల నుంచి కొత్త సరుకు వస్తే ఆయన ముందు నాకు వాసన చూపించేవాడు. "చెప్పు" అనేవాడు. నేను ముక్కు పెట్టి, ఇది పోయినసారి కన్నా పచ్చిగా ఉందనో, దీనికి పొగ తగిలిందనో చెప్పేదాన్ని. కొనడానికి వచ్చిన లెక్చరర్లకీ డాక్టర్లకీ "ఈ అమ్మాయిని అడగండి" అని నన్ను చూపించేవాడు. నాకు అంతకు ముందు ఎవరూ అంత విలువ ఇవ్వలేదు. చదువుకున్నాను, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను, అయినా నా ఒంట్లో ఫలానాది బంగారం అన్న మనిషి ఆయనొక్కడే.

ఒకరోజు అమ్మ గుడివాడ వచ్చింది. సరుకు సగం అమ్ముడయ్యాక నన్ను చూసి పోదామని ఆఫీసుకి వెళ్తే, నేను ఆఫీసు టీ పొడి కోసం ఈ కొట్టుకి వచ్చానని అటెండరు చెప్పాడట. ఎర్రటి ఎండలో నడుచుకుంటూ వచ్చింది. గంప దించి కొట్టు బయట మెట్టు పక్కన పెట్టింది. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎక్కడికి వెళ్ళినా గంప బయటే పెట్టడం ఆమెకి అలవాటు. చీర కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చింది.

"ఎవరమ్మాయ్?" అన్నాడు ఆయన.

"మా అమ్మండీ" అన్నాను. తడబడలేదు.

ఆయన చూపు అమ్మ మీది నుంచి బయట గంప మీదికి వెళ్ళి, మళ్ళీ నా మీదికి వచ్చింది. అయినా "కూర్చోండమ్మా" అన్నాడు. ఆ మాట అన్నాడని ఒప్పుకోవాలి. అప్పుడే ఒక లెక్చరరు గారి భార్య మల్లెపూల టీ తూకం వేయించుకుంటోంది. డబ్బా మూత తీసి ఉంది. అమ్మ అటు వంగి ఒకసారి గాలి పీల్చింది.

"బాబూ, ఇది తేమ తగిలిందయ్యా" అంది.

ఆయన నవ్వాడు. "నిన్ననే వచ్చిందమ్మా అది."

"నిన్న వచ్చిందేమో గానీ ముందే తడిసింది. పైన పూల వాసన ఉంది గానీ కింద మగ్గిన వాసనొత్తంది. వానకి తడిసి మళ్ళీ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ఇట్టాగే ఉంటయ్. అడుక్కి చెయ్యి పెట్టి చూడు."

ఆయన చూడలేదు. లెక్చరరు గారి భార్యే చెంచాతో కెలికింది. అడుగున ఆకు ఉండలు కట్టి ఉంది. ఆవిడ పొట్లం తిరిగి బల్ల మీద పెట్టి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. నిజానికి నేను ఆ డబ్బా వాసన ముందురోజే చూశాను. నాకు తెలియలేదు. అమ్మ ముక్కు ముందు నాదెంత? నాకు గర్వంగా అనిపించి పక్కున నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు. డబ్బా మూత గట్టిగా నొక్కి బిగించాడు.

మళ్ళీ వారం నేను వెళ్ళేసరికి "రండి మేడం, ఏం కావాలి?" అన్నాడు.

హాస్యమాడుతున్నాడేమో అనుకున్నాను. "నా డబ్బా తియ్యండి బాబాయ్ గారూ" అన్నాను. చూస్తే డబ్బాలన్నీ పై అరలోకి ఎక్కి ఉన్నాయి.

"కొత్త సరుకండీ. ఊరికే మూతలు తీస్తుంటే వాసన పట్టుద్ది. ఎంత కావాలో చెప్పండి, కట్టిస్తాను."

సరేనని బెంచీ మీద కూర్చున్నాను. స్టవ్వు వెలిగించలేదు. కాసేపటికి ఒకాయన స్కూటరు మీద వచ్చాడు. కొట్టాయన లేచి స్టూలు వేసుకుని, పై అరలోంచి డబ్బా దించి, మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టాడు. తర్వాత ఇంకొకావిడ. ఆవిడకీ తీశాడు. ఆ ఇద్దరూ వెళ్ళాక నేను లేచాను.

"వాళ్ళకి తీశారు కదండీ?"

ఆయన గొంతు తగ్గించాడు. చాలా మెత్తగా, అన్నయ్య కూతురికి చెప్పినట్టే చెప్పాడు. "తప్పుగా అనుకోకండి మేడం. ఆకు సున్నితం. మీరు పుట్టి పెరిగిన చోటు అట్లాంటిది. చేతులకీ బట్టలకీ నీచు ఉండిపోద్ది కదా. అలవాటు మీద మీకు తెలీదు. మాకు తెలుస్తది."

తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. ఆ మెత్తదనానికి సరేనన్నట్టు తలూపి బయటికి వచ్చేశాను. రెండేళ్ళుగా మీ బల్ల మీద, మీ కప్పులో, మీ పక్కన కూర్చుని తాగాను కదా, ఇన్నాళ్ళూ ఏమైంది ఆ వాసన అని అడగాలి. అడగాలని గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాక తట్టింది.

తర్వాత నెల రోజులు నేను చేసిన పనులు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చేతులు సబ్బుతో తోమి, నిమ్మచెక్కతో రుద్ది, మళ్ళీ వాసన చూసుకునేదాన్ని. చీరలు రెండుసార్లు ఉతికేదాన్ని. బస్సులో పక్కసీటు వాళ్ళు ముఖం అటు తిప్పితే నా గురించేనేమో అనుకునేదాన్ని. అమ్మ ఆ రోజు నాకని వదిలి వెళ్ళిన ఎండు రొయ్యలు కిలో పైగా ఉంటాయి. ఒక సాయంత్రం వాటిని సంచీతో సహా తీసుకెళ్ళి కాలవలో పడేశాను. అమ్మ ఎండలో కూర్చుని ఒక్కోటి ఏరి, ఇసుక లేకుండా దులిపి తెచ్చిన రొయ్యలు. అవి నీళ్ళ మీద తేలుతూ పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ క్షణంలో నా మీద నాకు కలిగినంత అసహ్యం జీవితంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఆ తర్వాత ఆ అసహ్యం కోపంగా మారింది, ఆ కోపం తిరిగి ఆయన మీదికి వెళ్ళింది.

నిజంగానే నా దగ్గర వాసన ఉందో లేదో తేల్చుకోవాలనుకున్నాను. ఆయన కొట్టులోనే ఏ వాసనా కలపని మామూలు నల్ల టీ ఆకు అరకిలో కొన్నాను. ఒకేలాంటి స్టీలు డబ్బాలు రెండు తీసుకుని సగం సగం పోశాను. ఒకటి మూత లేకుండా నా గదిలో, నేను పడుకునే మంచం పక్కనే పెట్టుకున్నాను. రెండోది అట్లాగే మూత లేకుండా ఇంట్లో పెట్టమని మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ మేడంకి ఇచ్చాను. ఆవిడది నందివాడ దగ్గర పొలాలున్న కుటుంబం. గుడివాడలో సొంత మేడ. ఆ కొట్టాయనకి పాత ఖాతాదారులు.

సంగతి విని మేడం విసుక్కుంది. "మా వంటింట్లో పెట్టమంటే పెడతాను గానీ, ఎందుకమ్మా ఇదంతా? పెద్దాయన, ఏదో అన్నాడు. పట్టించుకోకు."

"మిమ్మల్ని అంటే పట్టించుకోరా అండీ?"

"నన్నెందుకంటాడు?" అంది ఆవిడ. నిజంగా అర్థం కాకనే అడిగింది.

పది రోజుల తర్వాత ఇద్దరి డబ్బాలూ మూతలు పెట్టి, అడుగున నాకు మాత్రమే తెలిసే గుర్తు గీసి, కొట్టుకి తీసుకెళ్ళాను. ముగ్గురు నలుగురు బేరానికి వచ్చి ఉన్నారు. అంతా వెళ్ళేదాకా ఆగుదామనుకుని కూడా ఆగలేదు. అందరి ముందే తేలాలనిపించింది.

"బాబాయ్ గారూ, ఈ రెండింట్లో ఒకటి మా గదిలో పెట్టింది. ఏదో చెప్పండి" అన్నాను.

"ఇప్పుడివన్నీ ఎందుకండీ?"

"చెప్పండి. మీకు తెలుస్తదన్నారు కదా."

బెంచీ మీదున్న ఒకతను "చెప్పండి పెద్దాయనా, చూద్దాం" అన్నాడు, ఏదో తమాషా అనుకుని. ఆయన ఇక తప్పక మొదటి డబ్బా వాసన చూశాడు. రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు. ఎంతైనా ఆయనకి వాసనలు తెలుసు. రెండో డబ్బా నా వైపు తోశాడు.

"ఇది. నీచు కొడుతోంది. నేను చెప్తే నొచ్చుకున్నారు గానీ, చూడండి మీరే."

డబ్బా తిరగేసి అడుగున గీత చూపించాను. "ఇది మా మేడం గారి వంటింట్లో పెట్టిందండీ" అని ఇంటి పేరుతో సహా చెప్పాను. మొన్న ఆదివారం వాళ్ళింట్లో కొర్రమీను వేయించారనీ, ఆ మాట మేడమే చెప్పిందనీ కూడా చెప్పాను.

ఆయన ఆ డబ్బా మళ్ళీ దగ్గరికి లాక్కుని, ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా వాసన చూశాడు.

"వాళ్ళింట్లోదా? అయితే నీచు కాదులెండి. పోపు వాసన అయ్యుంటది" అన్నాడు.

ఈ మాట నేను కల్పించి చెప్పడం లేదు. అదే ఆకు, అదే డబ్బా, అదే ముక్కు. ఇంటి పేరు వినగానే వాసన మారిపోయింది. నేను నవ్వబోయాను. అది మానేసి మొదటి డబ్బా ఆయన ముందుకి తోశాను.

"మరి నా డబ్బా సంగతేంటండీ? అందులో ఏముంది?"

"ఏమీ లేదు. బాగానే ఉంది. అయినా నేనేమన్నానని మేడం? ఆకు సంగతి చెప్పాను గానీ మిమ్మల్ని ఏమైనా అన్నానా?"

బెంచీ మీదతను కలగజేసుకున్నాడు. "పోనీలేమ్మా, పెద్దాయన. ఇంత చిన్నదానికి నలుగురిలో నిలదీస్తారా? చదువుకున్నదానివి." మిగతావాళ్ళు తలలూపారు. నా డబ్బా శుభ్రంగా ఉందని ఒక్కడు కూడా అనలేదు. నేను తప్పుచేసినట్టూ, ఆయన్ని రక్షించాలన్నట్టూ నిలబడ్డారు. "మీ ముక్కు మీ దగ్గరే పెట్టుకోండి" అని మాత్రం అనగలిగాను. అదేం మాటో, దాని అర్థమేంటో నాకే తెలియదు. రెండు డబ్బాలూ అక్కడే వదిలేసి వచ్చేశాను.

దారిలో ఇంకో సంగతి అర్థమై, ఉన్న కాస్త గెలుపూ చచ్చిపోయింది. నా గదిలో ఏ వాసనా ఎందుకు లేదు? రొయ్యలు కాలవలో పోశాను కాబట్టి. నెల రోజులుగా పప్పు, పచ్చడి తప్ప ఏమీ వండుకోలేదు కాబట్టి. అమ్మ వస్తానంటే ఆఫీసులో పనుంది, తర్వాత రమ్మన్నాను కాబట్టి. వాళ్ళు మేడ మీద కొర్రమీను వేయించుకుని హాయిగా ఉన్నారు, నేను నా ఇంటి కూర మానుకుని శుభ్రమైనదాన్ననిపించుకున్నాను. ఇంతకీ ఎవరి దగ్గర?

ఆ కొట్టుకి వెళ్ళడం మానేశాను. టీ మానలేదు. ఎందుకు మానాలి? ఆయన తగరపు డబ్బాల మీద చూసి గుర్తుపెట్టుకున్న కొండల ఫ్యాక్టరీ చిరునామాకి ఉత్తరం రాసి, మనియార్డరు పంపాను. మూడు వారాలకి గుడ్డసంచీలో కుట్టిన పార్సిలు వచ్చింది. ఏ వాసనా కలపని ముదురు నల్ల ఆకు. దాన్ని తీసుకుని సెలవుకి మా ఊరు వెళ్ళాను. వానాకాలం, గట్ల వెంట మొగలి పొదలు పూశాయి.

"టీలో మొగలి రేకులా? నీకేమన్నా పిచ్చా?" అంది అమ్మ. అంటూనే కొడవలి తీసుకుని బయల్దేరింది. మొగలి పొదలో పాములుంటాయని కర్రతో కొట్టి కొట్టి, ముళ్ళు గీరుకుంటూ రెండు పూల పొత్తులు కోసింది. ఒక జాడీలో ఒక వరస ఆకు, ఒక వరస తెల్లటి లోరేకులు పేర్చి గుడ్డ కట్టాం. తెల్లారి మూత తీస్తే వాసన ఇల్లంతా నిండింది. నేను ఇంకో రోజు ఉంచుదామన్నాను.

"చాలు, తీసెయ్. ఇంకో పూటుంచితే తల నొప్పి పుట్టుద్ది" అంది అమ్మ. ఆమె చెప్పినప్పుడే రేకులు తీసేశాను. తెర్లి దించిన నీళ్ళు ఆ ఆకు మీద పోసి, పింగాణీ కప్పులోకి వడకట్టాను. మొదటి గుక్కకి మొగలి గుప్పున ముక్కులోకి ఎక్కింది. తర్వాత ఆకు వగరు వచ్చి దాన్ని కిందికి దించింది. చివర్న తడిసిన గట్టు మీద ఎండ కాసినట్టు చిన్న వెచ్చదనం. మల్లెపూల టీ దీని ముందు పిల్లల ఆట. కళ్ళు మూసుకుని, జుర్రుమని శబ్దం చేస్తూ తాగాను. అమ్మ మూడు చెంచాల పంచదార వేసుకుని, ఒక గుక్క తాగి, గ్లాసు దూరంగా పెట్టింది. "పాలు కొనుక్కునే రోజులొచ్చాక కూడా పాలు లేకుండా ఏం టీ ఇది, జరమొచ్చినోళ్ళకిచ్చినట్టు" అంది.

ఆ తర్వాత ఏటా చేశాను. దబ్బకాయ తొక్క నీడన ఆరబెట్టి కలిపాను. సొంఠి, తాటిబెల్లం వేసి చూశాను. కొన్ని చెడిపోయాయి, కొన్ని కుదిరాయి. ఆఫీసులో అందరికీ పోసేదాన్ని. మేడం కూడా అడిగి తాగేది, బాగుందనేది. ఆవిడ బాగుందన్న ప్రతిసారీ నాకు ఆ పోపు మాట గుర్తొచ్చేది. ఆవిడకి కొట్టులో జరిగింది చెప్పాను. "అట్లా అన్నాడా, భలేవాడే" అని నవ్వేసింది. ఇప్పటికీ ఆ కొట్టులోనే కాఫీ పొడి కొంటుంది.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి నాకు బందరు బదిలీ అయింది. ఒకసారి పాత కాగితాల పని మీద గుడివాడ వెళ్ళి, తిరుగు బస్సు కోసం స్టాండులో నిలబడ్డాను. ఎవరో "అమ్మాయ్!" అని పిలిచారు. ఆయనే. చేతికర్ర పట్టుకుని, బాగా వంగిపోయాడు. నన్ను చూసిన సంతోషం ముఖమంతా కనిపిస్తోంది.

"ఏమైపోయావు అమ్మాయ్? రావడమే మానేశావు! మొన్న మంచి సరుకొచ్చింది. నువ్వుంటే వాసన చూపిద్దును కదా అనుకున్నాను. అందరికీ చెప్తుంటాను, ఆ అమ్మాయి ముక్కు లాంటి ముక్కు ఈ ఊళ్ళో లేదని."

"నా చేతులకి నీచు వాసనని మీరే కదండీ అన్నారు?"

"నేనా? నిన్నా?" నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఛఛ. ఎప్పుడన్నాను?"

"రెండు డబ్బాలు తెచ్చాను. నలుగురిలో అడిగాను."

ఆయన నుదురు చిట్లించి వెతుక్కున్నాడు. దొరకలేదు. నటిస్తున్నాడేమోనని కళ్ళలోకి చూశాను. నటన కాదు. నేను నిమ్మచెక్కతో తోలు ఊడేలా రుద్దుకున్న నెలంతా, కాలవ గట్టు మీద నిలబడ్డ సాయంత్రమంతా ఈ మనిషి బుర్రలో ఒక్క గింజంత కూడా లేదు.

"ఏదో అనుంటాన్లే, మనసులో పెట్టుకోకు. రా ఒకసారి, టీ తాగిపోదువుగాని" అన్నాడు.

"రానండీ. అప్పుడు మీరన్నది తప్పు. మతిమరుపొచ్చినా అది తప్పే. నేను మర్చిపోను" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ముసలాయన్ని పట్టుకుని అరుస్తోంది, ఎవరీవిడ అన్నట్టు చూశారు. చూడనీ అనుకున్నాను. బస్సు వస్తే ఎక్కాను.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళి అమ్మకి అంతా చెప్పాను, మొదటి నుంచీ. అప్పటిదాకా ఆమెకి నీచు మాట చెప్పలేదు, కొట్టాయనతో పడలేదని మాత్రమే చెప్పాను. రొయ్యల సంగతి కూడా చెప్పేశాను. అమ్మ వాకిట్లో వల పరిచి నెత్తళ్ళు ఎండబెడుతోంది. అంతా విని, "ఆ రోజు నేనన్నది నిజమే కదే? తేమ తగిలింది. అడుగున ఉండలు కట్టింది" అంది. ఆమెకి ఆ రోజు అదే గుర్తుంది.

"అమ్మా, నీకు కోపం రావట్లేదా?"

"రొయ్యలు పారబోసినందుకు వచ్చింది. అడిగితే పక్కింటోళ్ళకిచ్చేదాన్ని."

"ఆయన మీద?"

"రోజుకి నలభై గుమ్మాలెక్కేదాన్నే. ముక్కు మూసుకునేవోళ్ళు, గంప దూరంగా పెట్టమనేవోళ్ళు, కొన్నాక చేతిలో డబ్బులు పైనుంచి జారవిడిచేవోళ్ళు. గుమ్మానికో కోపం తెచ్చుకుంటే పొద్దుగూకేలోపు ఇల్లు చేరేదాన్నా? నిన్ను చదివించేదాన్నా?"

ఆ మాటకి నా కోపం చల్లారుతుందని ఆమె అనుకుని ఉంటుంది. చల్లారలేదు, రెట్టింపయింది. నలభై గుమ్మాల కోపం ఆమె ఎక్కడా దించుకోకుండా మింగేసిందని అప్పుడే తెలిసింది నాకు. నువ్వట్లా ఊరుకోబట్టే వాళ్ళకి గుర్తుండదని అరిచాను. అమ్మ కూడా ఊరుకోలేదు. "ఉద్యోగం ఉంది కాబట్టి నువ్వు అరుస్తున్నావు. మాకు అరవడానికి తీరికెక్కడిది?" అంది. మాటా మాటా పెరిగింది. నాన్న లేచి వచ్చి, ఇద్దరినీ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నెత్తళ్ళు తిరగెయ్యాల్సిన వేళైతే నేను వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుని, వలకి రెండో కొస నుంచి తిరగెయ్యడం మొదలుపెట్టాను.